లోపల వదిలిన గుడ్డ

మా ఆయన ఏ ఆడదాన్ని చూసినా నాకు కుళ్లు పుట్టేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆయన కటింగ్ మాస్టరు. పదహారేళ్లుగా ఆయన కత్తిరిస్తాడు, నేను కుడతాను. వీధిలో ఎవరు ఎదురొచ్చినా ఆయన పెదాలు కదిలేవి. ఆవిడ నాలుగడుగులు దాటాక "ముప్పై ఆరు, ముప్పై, పద్నాలుగున్నర" అని నా చెవిలో వేసేవాడు. సినిమా పోస్టరు మీద బొమ్మయినా, కూరగాయలమ్మే ఆవిడయినా, పిల్లల టీచరయినా ఆయనకి అంకెలే. అంకెల్ని చూసి ఎవరైనా ఏడుస్తారా?

ఒక్క నాకే అంకెల్లేవు. మా కొట్లో కొలతల పుస్తకంలో చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ తలా ఒక పేజీ ఉంది, నాకు లేదు. నా జాకెట్టు గుడ్డ బల్ల మీద పరిచి, టేపు ముట్టుకోకుండా, కంటి అంచనాతోనే సుద్దగీత గీసేసేవాడు. "మా ఆయనకి నన్ను కొలవక్కర్లేదండీ" అని వచ్చినవాళ్ల దగ్గరల్లా చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

అసలు సంగతి ఎవరికీ తెలీదు. ఆయన గీసేది పెళ్లయిన ఏడాది నాటి నన్ను. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ గీతలో నేనెక్కడ పడతాను? అందుకని ఆయన గీత మీద కాకుండా, గీతకి బయట, గుడ్డ అంచున కుట్టుకునేదాన్ని. కుట్టాక సుద్ద దులిపేసేదాన్ని. అందరికీ లోపల అరంగుళం గుడ్డ వదిలే మనిషి నాకు మాత్రం అంగుళంన్నర వదిలేవాడు. గుడ్డ దండగ చేస్తున్నాడని పైకి సణుగుతూ ఆ దండగలోనే సర్దుకునేదాన్ని. ఆయన కళ్లకి నేనింకా పెళ్లికూతుర్నే అని నమ్మి, ఆ నమ్మకం చెడగొట్టుకోవడం ఇష్టంలేక, ప్రతి జాకెట్టుకీ ఈ దొంగతనం చేశాను.

ఆ ఏడాది వేసవిలో, స్కూళ్ల యూనిఫారాలు మీద పడకముందు, కొట్టు మూసి ఆరు రోజులు సముద్రం చూడ్డానికి వెళ్లాం. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలేశాం. మేమిద్దరం, మా అత్తయ్య, మా ఆయన అక్క, ఆమె మొగుడు. వదిన స్కూల్లో హెడ్‌మాస్టరు. స్కూలు సెలవులిచ్చినా ఆవిడ తనకి తాను సెలవివ్వదు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తడవాలి, ఎంతసేపు ఎండలో ఉండాలి అన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. ఆమె మొగుడు రైలు గార్డు. పచ్చజెండా ఊపడం తప్ప ఆ కాపురంలో ఆయనకి వేరే అధికారం లేదు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను.

మేం దిగిన లాడ్జీ సముద్రానికి ఒక వీధి వెనక ఉంది. ఎదురుగా పెద్ద హోటలు. దాని గోడ మీద నిలువెత్తు పోస్టరు, ఎర్ర శాటిన్ గౌనులో ఒకమ్మాయి చేతులు పైకెత్తి నవ్వుతోంది. సాయంత్రం ఆరున్నరకి క్యాబరే. మర్నాడు పొద్దున్న మెట్ల మీద ఆ అమ్మాయే తడిబట్టల బకెట్టుతో ఎదురొచ్చింది. ఆట ఆడేవాళ్లంతా మా లాడ్జీలోనే పై అంతస్తులో ఉంటున్నారట. మేం గోడవైపు జరిగి దారిచ్చాం. అలవాటుగా మా ఆయన పెదాలు కదిలాయి. సగంలో ఆగిపోయాయి.

ఆమె దాటిపోయింది. నేను నవ్వుతూ చెవి దగ్గరికి పెట్టాను.

"ఎంత?"

"నేను చూడలేదు" అన్నాడు.

పదహారేళ్లలో ఆ మాట ఆయన నోట వినలేదు. చూశాడు. పెదాలు కదలడం నా కళ్లతో నేను చూశాను. చూసి, లోపల దాచుకున్నాడు. ఈ లోకంలో ఆయన అంకెలు చెప్పని ఆడది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇప్పుడు ఇద్దరమయ్యాం.

ఆ రోజంతా సముద్రంలో కాళ్లు పెట్టి నిలబడ్డా నాకు చల్లదనం తెలియలేదు.

మూడో రోజు పొద్దున్న కింద హాల్లో టిఫిన్ల దగ్గర అన్నయ్యగారు జేబులోంచి ఐదు కాగితాలు తీసి పేకముక్కల్లా బల్లమీద పరిచాడు.

"ఎదురు హోటల్లో క్యాబరే. రేపటికి. లాడ్జీ మేనేజరు ఊరికే ఇచ్చాడు."

వదిన చెంచా కింద పెట్టింది. "ఐదెందుకు? అమ్మని కూడా లెక్కేశారా?"

"అత్తయ్యగారిదే మొదటి పాసు."

"అందులో ఏం చేస్తారు?" అంది అత్తయ్య.

"ఒంటిమీద గుడ్డలు పొదుపు చేస్తారు" అంది వదిన. "మన కుటుంబానికి తగిన ఆట కాదు. అమ్మా, నీ వయసెంత, నువ్వడిగే మాటెంత!"

"నాకు కొత్త కళ్లద్దాలు కొనింది ఎందుకే మరి? రెండు రోజుల్నుంచి ఆ సముద్రాన్నే చూస్తున్నాను. అటూ ఇటూ కదలడం తప్ప అది ఇంకో పని చెయ్యట్లేదు."

హెడ్‌మాస్టరు కదా, ఓటింగ్ పెట్టింది. వెళ్దామన్నవాళ్లు చెయ్యెత్తండి అంది. అన్నయ్యగారు ఎత్తాడు, అత్తయ్య రెండు చేతులూ ఎత్తింది. ఒకటే లెక్కలోకి వస్తుందంది వదిన. వద్దన్నవాళ్లు అనగానే తనే ఎత్తింది. తర్వాత మా ఆయన ఎత్తాడు.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఊరికే చూపిస్తానంటే డాక్టరు పన్ను పీకడం కూడా నిలబడి చూసే మనిషి ఈయన. కోతిని ఆడించేవాడు కనబడితే కొట్టు వదిలేసి పోతాడు. ఈయనకి క్యాబరే వద్దట!

"నాకు ఆ గోల పడదు" అన్నాడు, ప్లేటులోకి చూస్తూ.

ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. అందరూ నావైపు చూశారు. రేపు చెప్తానన్నాను.

గదిలోకి రాగానే నా వెనకాలే వచ్చాడు. "వద్దని చెప్పెయ్."

"ఎందుకు?"

"అమ్మకి ఆ పొగలూ అవీ పడవు."

"అత్తయ్య రెండు చేతులెత్తింది."

"ఊరికే ఎందుకు మనకి? సముద్రం ఉందిగా."

ఇరవై ఏళ్ల పిల్లాడు అబద్ధమాడినట్టు చెవులు ఎర్రగా అయ్యాయి. ఇంకేం అడగలేదు. అడిగితే నిజం చెప్తాడేమోనని భయమేసింది.

ఆ మర్నాడు తెల్లారగానే నేను నిద్రపోతున్నాననుకుని లేచాడు. ఆయనకి కత్తెర లేకుండా ఊరు కదలడం చేతకాదు, తువాలులో చుట్టి పెట్టెలో అడుగున పెట్టుకొస్తాడు. ఆ తువాలు చప్పుడు కాకుండా తీసి చంకలో పెట్టుకుని బయటికి వెళ్లాడు. గంట తర్వాత వచ్చి, "ఒడ్డున నడిచొచ్చాను, గాలి బాగుంది" అన్నాడు. చెప్పులకి ఒక్క ఇసక రేణువు లేదు. ప్యాంటు మోకాలికి మాత్రం ఒక ఎర్ర దారప్పోగు అంటుకుని ఉంది.

ఆయన స్నానానికి వెళ్లగానే చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. చిటికెనవేలంత ఎర్ర శాటిన్ ముక్క.

మంచం మీద కూర్చుండిపోయాను. టేపు పెట్టి ఉంటాడా? నడుము చుట్టూ చెయ్యి వేసి ఉంటాడా? ఊళ్లో అందరికీ వేస్తాడు, నా ముందే వేస్తాడు, నాకెప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు మాత్రం ఆ చెయ్యి తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. గీతకి బయట కుట్టుకున్న జాకెట్టు. పోస్టరు మీద ఆ పిల్ల. ఇక ఆయన్ని తప్పుపట్టడానికి కూడా నాకు మొహం లేదనిపించింది, అయినా తప్పుపట్టాను.

బాత్రూంలోంచి ఆయన వచ్చేసరికి ముక్క జేబులో పెట్టేశాను. కిందికి వెళ్లి, టిఫిను బల్ల దగ్గర నిలబడే చెయ్యెత్తాను.

"వెళ్దాం. అందరం వెళ్దాం."

అత్తయ్య చప్పట్లు కొట్టింది. వదిన మూతి ముడుచుకుంది. మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయనకీ ఆ పిల్లకీ మధ్య ఏమైనా ఉంటే, అంతమందిలో, ఆ దీపాల వెలుగులో నాకు తెలిసిపోతుంది. తెలియాలి. తెలిశాక ఏం చెయ్యాలో నాకు తెలీదు.

ఆరున్నరకి రెండో వరసలో కూర్చున్నాం. వదిన కళ్లద్దాలు తీసి సంచీలో పెట్టుకుంది, తను చూడనట్టే లెక్కట. బ్యాండు మొదలైంది. తెర పక్కకి పోయి ఆమె వచ్చింది. నేను ముందు ఆయన మొహం చూశాను. ఆయన చూపు ఆమె మొహం మీద లేదు, కాళ్ల మీద లేదు. ఎడమ పక్కన, చంక కింద ఎక్కడో ఆగింది. నేనూ అక్కడే చూశాను.

గౌనుకి రెండు పక్కలా కొత్త ముక్కలు వేసి ఉన్నాయి. పైన సన్నగా, నడుము దగ్గర వెడల్పుగా, కింద మళ్లీ సన్నగా. పడవ ఆకారం. పాత బట్టలు బిగుతైనవాళ్లకి మా ఆయన వేసే ముక్క అది. ఈ చేతులతో అలాంటివి వందలు కుట్టాను. వెయ్యిమందిలో నిలబెట్టినా ఆ కత్తిరింపు పోల్చుకుంటాను.

కుట్టు మాత్రం నాది కాదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒంటి దారంతో చేత్తో వేసిన కుట్లు. పదహారేళ్లలో సూది ముట్టుకోని మనిషి, చొక్కా గుండీ ఊడితే నా ముందు పిల్లాడిలా నిలబడే మనిషి, ఆమె కోసం సూది పట్టాడు.

కుళ్లుతో కళ్లు మూసుకుపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ ముక్క నడుము దగ్గర అంత వెడల్పు ఎందుకుందని కుట్టుపని చేసే ఎవరికైనా ముందు రావాల్సిన అనుమానం. నాకు రాలేదు. ఆయన వేళ్లు ఆ శాటిన్ మీద కదలడమే నా కళ్ల ముందు కనిపించింది.

రెండో పాటలో ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి తిరిగింది. కుట్టు దగ్గర వేలెడంత తెల్లగా తెరుచుకుంది. ఇంకెవరూ గమనించలేదు. నాకు సంతోషమేసింది. ఉన్నమాట చెప్తున్నాను. ఊడనీ, ఇంతమందిలో ఊడి సిగ్గు పోనీ, అనుకున్నాను. శాటిన్‌కి ఒంటి దారం వేసినవాడికి బుద్ధి రానీ.

"నీ దగ్గర సూది ఉందా?" మా ఆయన గొంతు నా చెవిలో.

"ఉంటే?"

"ఇంకో రెండు పాటలున్నాయట. అది ఆగదు."

"కుట్టినవాళ్లనే వెళ్లి కుట్టమనండి."

ఆయన నావైపు తిరిగాడు. నుదుటి మీద చెమట కారుతోంది. "నాకు చేతకాదు. నీకు తెలుసుగా" అన్నాడు. "నీకన్నీ తర్వాత చెప్తాను. ముందు వెళ్లు."

పాట అయిపోయి ఎవరో గారడీవాడు వచ్చాడు. నా సంచీలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. లేచాను. ఆమె మొహం దగ్గర్నుంచి చూడాలనే లేచాను, కుట్టడానికి కాదు.

తెర వెనక చిన్న గది. అద్దం చుట్టూ బల్బులు, సగం వెలగట్లేదు. ఆమె ఒక స్టూలు మీద కూర్చుని పక్కన తువాలు అదిమిపెట్టుకుని ఉంది. నన్ను చూసి బెదిరింది, చేతిలో సూది చూసి తేరుకుంది.

"మాస్టరుగారి భార్యా?"

"లేచి నిలబడు. చెయ్యెత్తు."

విప్పే టైము లేదు, ఒంటిమీదే కుట్టాలి. సూది ఒంటికి తగలకుండా ఎడమ చెయ్యి శాటిన్ లోపలికి పోనిచ్చాను. నా అరచెయ్యి ఆమె పొట్టకి తగిలింది. గట్టిగా, గుండ్రంగా ఉంది. రెండుసార్లు మోసినదాన్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

"ఎన్నో నెల?"

"అయిదు నిండుతోంది." కళ్లనీళ్లు తిరిగాయి, కాటుక కారకుండా తలెత్తి పట్టుకుంది. "నెలాఖరుతో ఇక్కడ ఒప్పందం అయిపోతుందక్కా. అప్పటిదాకా ఈ గౌను ఆగితే చాలు. హోటలు మేనేజరుకి తెలిస్తే రేపే పొమ్మంటాడు, నాతోపాటు బ్యాండులో డ్రమ్ములు వాయించే మా ఆయన్ని కూడా. డాబా మీద నేనే విప్పుకుని పాడుచేసుకుంటుంటే మాస్టరుగారు చూశారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

మెట్ల మీద ఆయన పెదాలు సగంలో ఎందుకాగాయో అప్పుడు తెలిసింది. నడుము దగ్గరికొచ్చి ఆగిపోయాయి. ఆ అంకె నాకు చెబితే నాకు మిగతాదంతా తెలిసిపోతుంది.

ఆయన కుట్లు లాగి పారేసి రెండు పోగులు వేశాను. లోపల మడిచిన గుడ్డ వేళ్లకి తగిలింది. మామూలుగా వదిలే అరంగుళం కాదు. వేలు పెట్టి చూశాను. అంగుళంన్నర. నాకు వదిలినంతే.

"ఇంత గుడ్డ ఎందుకు వదిలాడు?" అన్నాను.

"నేనూ అదే అడిగానక్కా. మా ఇంట్లో ఇలాగే వదులుతాను అన్నారు. 'ఎక్కడ కుట్టుకోవాలో తనకి తెలుసు, నేను కొలిస్తే నొచ్చుకుంటుంది' అన్నారు."

సూది ఆగింది. బయట గారడీవాడికి చప్పట్లు కొడుతున్నారు. మళ్లీ కుట్టాను.

ఆయనకి తెలుసు. మొదటి జాకెట్టు దగ్గర్నుంచీ తెలుసు. నేను దులిపేసిన ప్రతి గీతా తెలుసు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ రెంటి మధ్యలో మళ్లీ కుళ్లే లేచింది. పదహారేళ్లలో నాతో అనని మాట, రెండు రోజుల పరిచయానికి ఈమెతో అన్నాడు.

తలుపు నెట్టుకుని మేనేజరు తల లోపల పెట్టాడు. "ఏంటాలస్యం? ఆ గౌను నిన్నటిదాకా బాగానే ఉందిగా. లావెక్కుతున్నావా ఏంటి?"

ఆమె ఒళ్లు నా చేతి కింద బిగుసుకుపోయింది.

"లావు కాదు, ఏమీ కాదు" అన్నాను, తలెత్తకుండా. "శాటిన్‌ని వేణ్ణీళ్లలో ఉతికితే కుంచించుకుపోక ఏమవుతుంది? పదహారేళ్లుగా కుడుతున్నాను, నాకు చెప్తారా? ముందు తలుపెయ్యండి."

తలుపేశాడు. దారం కొరికి తెంపాను. నెలాఖరు కాదు, ఇంకో నెలైనా ఊడని కుట్టు అది. "కూర్చునేటప్పుడు నెమ్మదిగా కూర్చో" అని చెప్పి వచ్చేశాను.

నా కుర్చీలో కూర్చునేసరికి వదిన మీదికి వంగింది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకునే ఉంది. "ఇంతసేపు ఎక్కడికెళ్లావు? వాళ్ల గదివైపు వెళ్లావట, మీ అన్నయ్యగారు చెప్పారు. లోపల ఏం జరుగుతోంది?"

"నేను చూడలేదు" అన్నాను.

మా ఆయన మెల్లగా నావైపు తిరిగాడు. నేను వేదిక మీదే చూపు పెట్టాను. ఆమె మళ్లీ వచ్చింది, ఎడమ చెయ్యి భయం లేకుండా పైకెత్తింది. అత్తయ్య కొత్త కళ్లద్దాలు సర్దుకుని అంతసేపూ రెప్పెయ్యకుండా చూసింది. చివర్లో అందరూ చప్పట్లు కొడుతుంటే, "ఆ పిల్లకి ఎవరైనా కుర్చీ వేస్తే బాగుండు" అంది. ఇంకేం అనలేదు.

లాడ్జీకి నడుస్తూ మేమిద్దరం వెనకపడ్డాం.

"నాకు చెప్పొచ్చుగా" అన్నాను.

"ఒట్టేశాను."

"నాకు చెప్తే ఎవరికి చెప్తాను?"

"మా అక్కకి."

కాస్త దూరం నడిచాక, "సూది పట్టారుగా" అన్నాను. "నాకెప్పుడైనా ఒక్క కుట్టు కుట్టారా?"

ఎడమచేతి వేళ్లు చూపించాడు. అన్నిటికీ పొడుచుకున్న చుక్కలు. "నేను కుట్టింది వేసుకుని నువ్వు వీధిలోకి వెళ్లగలవా?"

నవ్వొచ్చింది, నవ్వలేదు. గుడ్డ సంగతి నేనెత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

ఊరికొచ్చాక యూనిఫారాల గుడ్డలు కొట్లోకి దిగేలోపు నా కోసం ఒక జాకెట్టు గుడ్డ బల్ల మీద పరిచాడు. సుద్ద తీశాడు. నేను మెషీను దగ్గర్నుంచి లేచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"టేపు పెట్టండి."

"ఇప్పుడెందుకు?"

"పెట్టమంటున్నానా?" చేతులు పైకెత్తాను.

మెడలోంచి టేపు తీశాడు. ఛాతీ, నడుము, వీపు. అందరికీ పెట్టినట్టే పెట్టాడు, కాస్త నెమ్మదిగా. పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. కొలతల పుస్తకం పక్కనే ఉంది, దాని జోలికి పోలేదు.

"ఎంత?" అన్నాను.

"నేను చూడలేదు" అని గుడ్డ మీదికి వంగాడు.

ఆ జాకెట్టు ఆయన గీత మీదే కుట్టాను. సుద్ద దులపలేదు. తొడుక్కుంటే చంక దగ్గర, నడుము దగ్గర ఎక్కడా పట్టలేదు. సరిగ్గా సరిపోయింది. లోపల గుడ్డ మాత్రం ఇంకా వదిలాడు. ఆయన టీకి బయటికి వెళ్లినప్పుడు తిరగేసి టేపు పెట్టి చూసుకున్నాను. ఒకటీ ముప్పావు.

ఆ పిల్లకంటే పావంగుళం నాకే ఎక్కువ.